సిరోసిస్‌లో ఆల్బుమిన్: ఎవరికి, ఎంత, ఎప్పుడు ఆపాలి?

పీజీ_గుంటూరు
సిరోసిస్‌తో (లివర్ గట్టిపడి చెడిపోవడం) పొట్టనీరు చేరి అడ్మిట్ అయ్యేవాళ్లలో సీరం ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే, రక్తంలో నీటిని పట్టి ఉంచే ప్రోటీన్) 2.1, 2.3 అని రావడం మామూలే. "3 దాటేదాకా రోజుకో బాటిల్" అని కేస్ షీట్‌లో రాసే అలవాటు చాలాచోట్ల ఉంది. ఇటలీ వాళ్ల ఆన్సర్ ట్రయల్ (లాన్సెట్, 2018) వారం వారం ఆల్బుమిన్ ఇస్తే మరణాలు తగ్గాయంటుంది. బ్రిటన్ వాళ్ల అటైర్ (ఎన్‌ఈజేఎం అనే వైద్య పత్రిక, 2021) ఏ లాభమూ లేదంటుంది. రెండూ చిన్న ట్రయల్స్ కావు. బాటిల్ ధర వేలల్లో ఉంటుంది, చాలాసార్లు కొనుక్కొచ్చేది ఇంటివాళ్లే. దేన్ని పట్టుకోవాలి? డోసు, ఎక్కించే పద్ధతి కూడా ఎవరైనా వివరంగా రాస్తారా?

హెపటో_సీనియర్
ఆ రెండు ట్రయల్స్ జోలికి తర్వాత వెళ్దాం. ముందు ఎవరూ పేచీ పెట్టని చోట్లు చూడండి.

మొదటిది ఎస్‌బీపీ, అంటే పొట్టనీటికి దానంతటదే సోకే ఇన్ఫెక్షన్. 1999లో స్పెయిన్ బృందం ఎన్‌ఈజేఎంలో వేసిన ట్రయల్‌లో 126 మంది. సగం మందికి సెఫోటాక్సిమ్ ఒక్కటే, మిగతా సగానికి దాంతోపాటు ఆల్బుమిన్. కిడ్నీ దెబ్బతిన్నది యాంటీబయాటిక్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 33 శాతం, ఆల్బుమిన్ కలిసినవాళ్లలో 10 శాతం. ఆస్పత్రిలో మరణాలు 29 శాతం నుంచి 10 శాతానికి తగ్గాయి. డోసు: నిర్ధారణ అయిన 6 గంటల్లోపు కిలోకు 1.5 గ్రాములు, మూడో రోజు కిలోకు 1 గ్రాము. 60 కిలోల మనిషికి మొదటి రోజు 90 గ్రాములు, అంటే 20 శాతం ద్రావణం 450 ఎంఎల్. మూడో రోజు 60 గ్రాములు, అంటే 300 ఎంఎల్. బిలిరుబిన్ (కామెర్ల కొలత) 4 దాటినవాళ్లకు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు కొలత) 1 దాటినవాళ్లకు లాభం ఎక్కువ. అవి రెండూ బాగున్నవాళ్లకు కిడ్నీ ముప్పు ఎటూ తక్కువే.

రెండోది, 5 లీటర్లకు మించి నీరు తీసే ట్యాపింగ్ (సూదితో పొట్టనీరు తీయడం). తీసిన ప్రతి లీటరుకు 6 నుంచి 8 గ్రాములు. 8 లీటర్లు తీస్తే 48 నుంచి 64 గ్రాములు. 20 గ్రాముల బాటిల్స్ మూడు పెడితే సరిపోతుంది.

మూడోది కిడ్నీ దెబ్బతినడం, అందులోనూ హెపటోరీనల్ (లివర్ చెడటం వల్లే కిడ్నీ దెబ్బతినడం). దాని సంగతి విడిగా రాస్తాను, అందులో మెలికలు ఎక్కువ.

ఈ మూడింట్లో ఎక్కడా "సీరం ఆల్బుమిన్ ఇంత ఉంటేనే" అన్న షరతు లేదని గమనించండి. మందు ఇస్తున్నది రక్తప్రసరణ కోసం, ల్యాబ్ రిపోర్టులో అంకె కోసం కాదు.

లెక్కల_రాధ
ట్రయల్స్ సంగతి నేను రాస్తాను. ఆన్సర్‌కీ అటైర్‌కీ మధ్యలో మాక్ట్ అని స్పెయిన్ ట్రయల్ ఇంకొకటి ఉంది (2018), దాన్నీ కలిపి చదవాలి.

ఆన్సర్: ఇటలీలో 431 మంది. పొట్టనీరు ఉంది కానీ వేరే చిక్కులు లేవు. నీరు తగ్గే మాత్రలు అప్పటికే వాడుతున్నారు. ఇంటి దగ్గర ఉండి వచ్చి పోయేవాళ్లు. మొదటి రెండు వారాలు వారానికి రెండుసార్లు 40 గ్రాములు, ఆ తర్వాత వారానికోసారి 40 గ్రాములు, 18 నెలల దాకా. 18 నెలలకు బతికి ఉన్నవాళ్లు 77 శాతం, మామూలు వైద్యంలో 66 శాతం.

మాక్ట్: లివర్ మార్పిడి కోసం ఎదురుచూస్తున్న 173 మంది. 15 రోజులకోసారి 40 గ్రాములు, తోడుగా మిడోడ్రిన్ (బీపీ పెంచే మాత్ర). లాభం కనిపించలేదు. డోసు ఆన్సర్‌లో ఇచ్చినదాంట్లో సగానికన్నా తక్కువ, పైగా చాలామందికి మధ్యలోనే మార్పిడి జరిగిపోయింది కాబట్టి మందు తీసుకున్న కాలమూ తక్కువే.

అటైర్: బ్రిటన్‌లో 777 మంది. ఆస్పత్రిలో చేరినవాళ్లు, అప్పటికే బాగా క్షీణించినవాళ్లు, ఆల్బుమిన్ 3 కన్నా తక్కువ ఉన్నవాళ్లు. 3కి చేర్చి అక్కడే నిలపాలని 14 రోజుల వరకు, లేదా డిశ్చార్జి అయ్యేదాకా రోజూ ఎక్కించారు. ఇన్ఫెక్షన్, కిడ్నీ చెడటం, మరణం మూడూ కలిపి చూస్తే ఆల్బుమిన్ గుంపులో 29.7 శాతం, మామూలు వైద్యంలో 30.2 శాతం. తేడా లేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ఆల్బుమిన్ వైపే ఎక్కువ.

కాబట్టి "3 దాటేదాకా రోజుకో బాటిల్" అన్న ఆర్డరును నేరుగా పరీక్షించింది అటైర్ ఒక్కటే. దానికి జవాబు వచ్చేసింది. ఆన్సర్‌ను చూపించి ఆ ఆర్డరు రాయడం కుదరదు.

పీజీ_గుంటూరు
థ్యాంక్స్ మేడమ్. అటైర్ తర్వాత ఎస్‌బీపీలో కూడా ఆల్బుమిన్ అక్కర్లేదని ఒక సీనియర్ అంటున్నారు. అది సరైనదేనా?

లెక్కల_రాధ
కాదు. అటైర్‌లో మామూలు వైద్యం పొందిన గుంపుకు కూడా పెద్ద ట్యాపింగ్, ఎస్‌బీపీ, హెపటోరీనల్ ఉంటే ఆల్బుమిన్ ఇవ్వనిచ్చారు. రోజూ ఇచ్చిన గుంపులో ఒక్కొక్కరికి అందిన మొత్తం మధ్యస్థంగా 200 గ్రాములు, రెండో గుంపులో 20 గ్రాములు. అసలు పోలిక "అంకె కోసం రోజూ ఇవ్వడం", "అవసరం పడినప్పుడే ఇవ్వడం" ఈ రెంటి మధ్య. బొత్తిగా ఇవ్వకపోవడం అనే గుంపే అందులో లేదు.

హైదరాబాద్_గ్యాస్ట్రో
ఆన్సర్‌ను అంత తేలిగ్గా పక్కన పెట్టకండి రాధ గారూ. మరణాలు తగ్గాయి, ట్యాపింగ్‌లు తగ్గాయి, ఎస్‌బీపీ తగ్గింది. పొట్టనీరున్న సిరోసిస్‌లో ఇంత చూపించిన మందు మరొకటి ఏది? నెల తిరిగేసరికి సీరం ఆల్బుమిన్ 4 దగ్గరికి చేరినవాళ్లలో ఫలితం ఇంకా మెరుగ్గా ఉందని వాళ్లే తర్వాత విశ్లేషించి చూపారు. మాక్ట్‌లో అంకె పెద్దగా కదలలేదు. డోసు చాలకపోతే మందు పనిచేయలేదని అనొచ్చా?

లెక్కల_రాధ
పక్కన పెట్టలేదండీ, ప్రశ్నలు రెండున్నాయి. ఒకటి: అది ఓపెన్ లేబుల్, అంటే ఎవరికి ఏ వైద్యమో అందరికీ తెలుసు. ఆల్బుమిన్ గుంపు వారం వారం డే కేర్‌కు వచ్చింది, డాక్టరో నర్సో చూశారు, బరువు తూచారు. రెండో గుంపుకు ఆ పట్టింపు లేదు. లాభంలో మందు వాటా ఎంత, వారం వారం చూడటం వాటా ఎంత అన్నది ఆ డిజైన్‌తో విడదీయలేం. రెండు: 4కి చేరినవాళ్లు బాగున్నారన్న విశ్లేషణలో, లివర్ కాస్త బాగున్నవాళ్లే తేలిగ్గా 4కి చేరి ఉండొచ్చు కదా. అంకె పెరగడం కారణమా, ఫలితమా?

ఖర్చు కూడా చూడండి. మొదటి రెండు వారాలకు 8 బాటిల్స్, మిగిలిన 76 వారాలకు వారానికి 2 చొప్పున 152. మొత్తం 160. బాటిల్ 5 వేలనుకుంటే ఒక్కొక్కరికి 8 లక్షలు. 77, 66 మధ్య తేడా 11. అంటే 18 నెలల్లో ఒక ప్రాణం అదనంగా నిలవడానికి సుమారు 9 మందికి ఇవ్వాలి. ఇటలీలో ప్రభుత్వం భరిస్తుంది. ఇక్కడ జేబులోంచి పెట్టేవాళ్లకు ఆ లెక్క వేరు.

హైదరాబాద్_గ్యాస్ట్రో
ఖర్చు విషయం ఒప్పుకుంటాను. అయినా మార్పిడికి అవకాశం లేక, నెలకు మూడు నాలుగుసార్లు ట్యాపింగ్‌కు వచ్చేవాళ్ల విషయంలో నా అభిప్రాయం మారదు. వాళ్లు ఎటూ ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నారు, ట్యాపింగ్ ఆల్బుమిన్ ఎటూ కొంటున్నారు.

హెపటో_సీనియర్
ఇద్దరి మాటలోనూ బలం ఉంది. యూరప్, అమెరికా లివర్ సంఘాల మార్గదర్శకాలు మాత్రం దీర్ఘకాలం ఇవ్వడాన్ని రొటీన్‌గా సిఫారసు చేయలేదు. ఇటలీ సంఘం సమర్థించింది. ఎంచుకున్న పేషెంటుకు, ఖర్చు ముందే చెప్పి ఇస్తే తప్పు పట్టను. వార్డులో ఉన్నవాళ్లందరికీ అంకె చూసి రాయడం మాత్రం మానాలి.

ఐసీయూ_డెస్క్
ఊపిరితిత్తుల్లోకి నీరెందుకు వస్తుందో అంకెల్లో చూస్తే భయం సరైన చోట కలుగుతుంది. ఒక గ్రాము ఆల్బుమిన్ సుమారు 18 ఎంఎల్ నీటిని రక్తనాళాల్లో పట్టి ఉంచుతుంది. ఎస్‌బీపీ మొదటి రోజు ఇచ్చే 90 గ్రాములకు అది దాదాపు 1.6 లీటర్లు. చేతికి ఎక్కింది 450 ఎంఎల్లే, కానీ గుండె మీద పడేది లీటరున్నర. సిరోసిస్‌లో గుండె సడలడం మందగించి ఉంటుంది, ఎకోలో ఈఎఫ్ (గుండె రక్తాన్ని నెట్టే శాతం) 60 అని చూసి ధైర్యపడితే లాభం లేదు. దానికితోడు ఎవరో పక్క చేతికి సెలైన్ కూడా నడుపుతుంటారు. ఇన్‌పుట్ చార్టులో మాత్రం ఆల్బుమిన్ 450 అని బుద్ధిగా రాసి ఉంటుంది.

బరువు విషయంలో ఇంకో పొరపాటు. పొట్టలో 12 లీటర్లున్న మనిషి త్రాసు మీద 72 కిలోలు. డోసు 72కి కాదు, నీరు తీసేసి అంచనా వేసిన 60కి కట్టాలి. ఏ రోజైనా 100 గ్రాములు దాటకుండా చూసుకుంటే మంచిది.

ఎస్‌బీపీ కాని ఇన్ఫెక్షన్లకు, అంటే న్యుమోనియా, యూరిన్, సెల్యులైటిస్‌కు, ఇదే డోసు ఇచ్చి చూశారు. ఫ్రాన్స్‌లో 193 మందితో చేసిన ట్రయల్ (2015)లో మరణాలు తగ్గలేదు. ఆల్బుమిన్ తీసుకున్నవాళ్లలో 8.3 శాతానికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కాబట్టి న్యుమోనియా ఉన్న సిరోసిస్ పేషెంటుకు "ఎస్‌బీపీ డోసు" రాయకండి.

సెప్సిస్‌తో బీపీ పడిపోయినవాళ్ల సంగతి వేరు. ఢిల్లీలోని లివర్ ఆస్పత్రి ఐఎల్‌బీఎస్‌లో 308 మంది మీద 5 శాతం ఆల్బుమిన్‌ను సెలైన్‌తో పోల్చారు. వారానికి బతికున్నవాళ్లు ఆల్బుమిన్‌తో 43.5 శాతం, సెలైన్‌తో 38.3 శాతం. తేడా ఉంది కానీ కొద్దిగానే. అక్కడే 20 శాతం ఆల్బుమిన్‌ను ప్లాస్మాలైట్ అనే లవణ ద్రావణంతో పోల్చితే బీపీ త్వరగా లేచింది, ఊపిరితిత్తుల చిక్కులు పెరిగాయి, 28 రోజుల మరణాల్లో మార్పు లేదు.

పీజీ_గుంటూరు
4 లీటర్లు తీస్తే ఆల్బుమిన్ అక్కర్లేదు కదా సర్? 5 దాటితేనే అని చదివాం.

హెపటో_సీనియర్
స్థిరంగా ఉన్న సిరోసిస్‌లో అంతే. ఏసీఎల్ఎఫ్‌లో (పాత లివర్ జబ్బు మీద ఒక్కసారిగా లివర్, ఇతర అవయవాలు చెడటం) కాదు. ఐఎల్‌బీఎస్ నుంచే 2020లో వచ్చిన ట్రయల్: ఏసీఎల్ఎఫ్ ఉన్న 80 మందికి 5 లీటర్ల లోపే తీశారు, సగం మందికి ఆల్బుమిన్, సగం మందికి లేదు. ట్యాపింగ్ తర్వాత రక్తప్రసరణ దెబ్బతిన్నది ఆల్బుమిన్ లేనివాళ్లలో 70 శాతం, ఇచ్చినవాళ్లలో 30 శాతం. కాబట్టి కామెర్లు ముదిరి, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే పరీక్ష) పెరిగి, సోడియం పడిపోయి, క్రియాటినిన్ కదులుతున్న మనిషికి 3 లీటర్లు తీసినా లీటరుకు 8 గ్రాములు ఇవ్వండి.

ఇక స్థిరంగా ఉన్నవాళ్లలో డబ్బు ఇబ్బంది ఉంటే, లీటరుకు 4 గ్రాములు, 8 గ్రాములు పోల్చిన ఇటలీ ట్రయల్ ఒకటి ఉంది (2011, 70 మంది). రెండింటికీ తేడా కనిపించలేదు. చిన్న ట్రయల్, దాని మీద ఇల్లు కట్టలేం. కానీ "8 గ్రాములకు డబ్బు లేదు కాబట్టి అసలే వద్దు" అనుకునేకన్నా 4 గ్రాములు ఇవ్వడం నయం. బదులుగా జెలటిన్ పెట్టొచ్చా అని అడుగుతారు. 1996లో 289 మందిలో చూశారు: ప్రసరణ దెబ్బతిన్నది ఆల్బుమిన్‌తో 18.5 శాతం, డెక్స్‌ట్రాన్‌తో 34.4, పాలీజెలిన్ అనే జెలటిన్‌తో 37.8. స్టార్చ్ ద్రావణాల జోలికి అసలు పోవద్దు, కిడ్నీకి చేటు.

వార్డ్_సిస్టర్
ఎక్కించేటప్పుడు చూసుకోవాల్సినవి:

బాటిల్‌ను వెలుతురులో పట్టి చూడాలి. మడ్డిగా ఉన్నా, అడుగున ఏదైనా పేరుకున్నా వాడకూడదు. గట్టిగా ఊపకండి, నురగ వస్తుంది. గాజు బాటిల్‌కు గాలి రంధ్రం ఉన్న సెట్ కావాలి, లేకపోతే సగంలో ఆగిపోతుంది. "లైన్ బ్లాక్ అయింది" అని క్యాన్యులా పీకేసేది చాలాసార్లు ఇందుకే. బ్లడ్ గ్రూపు చూడనక్కర్లేదు.

20 శాతం ద్రావణం నిమిషానికి 1 నుంచి 2 ఎంఎల్. 100 ఎంఎల్ బాటిల్ గంట నుంచి గంటన్నర. ఎస్‌బీపీలో 450 ఎంఎల్‌ను 6 గంటల్లో ఇవ్వాలంటే గంటకు 75 ఎంఎల్ అవుతుంది, హడావిడి అక్కర్లేదు. గంట గంటకూ శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం రాయాలి. పడుకోలేక లేచి కూర్చుంటున్నా, కొత్తగా దగ్గు మొదలైనా ఆపి డాక్టరును పిలవాలి. ఆక్సిజన్ 90 కిందికి పడేదాకా చూస్తూ కూర్చోకూడదు.

5 శాతం కావాలంటే 100 ఎంఎల్ (20 శాతం)కు 300 ఎంఎల్ నార్మల్ సెలైన్ కలపాలి. స్టెరైల్ వాటర్ ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు. ఎర్ర రక్తకణాలు పగులుతాయి, మూత్రం నల్లబడుతుంది, కిడ్నీలు పోతాయి.

హెపటో_సీనియర్
సిస్టర్ రాసిన చివరి ముక్కను ప్రింట్ తీసి డ్యూటీ రూములో అంటించండి.

ట్యాపింగ్ సంగతి కూడా కలిపేస్తాను, ఎందుకంటే ఆల్బుమిన్ ఎవరికో తేల్చేది ఆ నీటి రిపోర్టే. పొట్టనీరుతో అడ్మిట్ అయిన ప్రతివారికీ మొదటి రోజే కొద్దిగా నీరు తీసి పంపాలి. జ్వరం, నొప్పి లేకపోయినా సరే. ఎడమ వైపు, తుంటి ఎముక ముందు కొమ్ము నుంచి రెండు వేళ్లు పైకి, రెండు వేళ్లు లోపలికి. ఐఎన్ఆర్ 2 ఉందని ప్లాస్మా కోసం ఆగొద్దు. కణాల లెక్కకు ఈడీటీఏ ట్యూబ్ వాడండి. మామూలు ట్యూబ్‌లో గడ్డకడితే లెక్క తప్పుతుంది. కల్చర్‌కు 10 ఎంఎల్ నీటిని మంచం పక్కనే బ్లడ్ కల్చర్ బాటిల్‌లో వేయాలి. సీసాలో ల్యాబ్‌కు పంపితే క్రిమి దొరికేది సగం మందిలో, మంచం పక్కనే వేస్తే సుమారు 80 శాతంలో.

న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) 250, ఆపైన ఉంటే ఎస్‌బీపీ అనుకుని మొదలుపెట్టాలి, కల్చర్ కోసం ఆగకూడదు. సూది రక్తనాళానికి తగిలి నీరు ఎర్రగా వస్తే ప్రతి 250 ఎర్రకణాలకు ఒక న్యూట్రోఫిల్ తీసేయండి. 48 గంటలకు మళ్లీ ట్యాప్ చేస్తే లెక్క కనీసం 25 శాతం తగ్గి ఉండాలి, లేదంటే యాంటీబయాటిక్ మార్చాలి. 1999 ట్రయల్‌లో సెఫోటాక్సిమ్ పనిచేసింది. ఆస్పత్రిలో ఉండగా వచ్చిన ఎస్‌బీపీలో మన దగ్గర దాన్నే నమ్ముకోవడం కష్టం. మీ ఆస్పత్రి యాంటీబయోగ్రామ్ (ఏ క్రిమికి ఏ మందు పనిచేస్తుందో చూపే పట్టిక) చూసుకోండి.

క్లినికల్_ఫార్మా
హెపటోరీనల్ విడిగా రాస్తామన్నారు, ఎదురుచూస్తున్నాం సర్.

హెపటో_సీనియర్
రాస్తున్నాను. క్రియాటినిన్ 48 గంటల్లో 0.3 పెరిగినా, వారంలో ఒకటిన్నర రెట్లు అయినా ఏకేఐ (కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినడం). వెంటనే నీరు తగ్గే మాత్రలు ఆపాలి, నొప్పికి ఎక్కడో వేయించుకున్న డైక్లో ఇంజెక్షన్ల గురించి అడగాలి, లాక్టులోజ్ ఎక్కువై విరేచనాలు అవుతున్నాయేమో చూడాలి, పొట్టనీరు పరీక్షించాలి.

పాత పద్ధతిలో కిలోకు గ్రాము చొప్పున రెండు రోజులు ఆల్బుమిన్ ఎక్కించి, తగ్గకపోతేనే హెపటోరీనల్ అనేవాళ్లం. 2024లో వచ్చిన అంతర్జాతీయ ఏకాభిప్రాయంలో ఆ 48 గంటల నియమం తీసేశారు. అవసరమైనవాళ్లకు 24 గంటలు ద్రవాలు ఇచ్చి చూస్తే చాలు. ఒంట్లో నీరు ఇప్పటికే నిండి ఉంటే అదీ వద్దు.

ఈ మార్పు వెనక కన్ఫర్మ్ ట్రయల్ పాఠం కూడా ఉంది (ఎన్‌ఈజేఎం, 2021, అమెరికా, కెనడాల్లో 300 మంది). టెర్లిప్రెసిన్‌తో (రక్తనాళాలను బిగించే మందు) కిడ్నీ కోలుకున్నది 32 శాతం, ప్లాసిబోతో 17. కానీ 90 రోజుల్లో శ్వాస సంబంధ కారణాలతో చనిపోయినవాళ్లు టెర్లిప్రెసిన్‌తో 11 శాతం, ప్లాసిబోతో 2 శాతం. ఆల్బుమిన్ బాగా ఎక్కించిన శరీరం మీద టెర్లిప్రెసిన్ పడితే గుండె మీద భారం రెండు వైపుల నుంచీ పెరుగుతుంది. మన దేశంలో ఈ మందు ఏళ్ల తరబడి వాడకంలో ఉంది. అమెరికాలో అనుమతి వచ్చింది 2022లో, అదీ ఊపిరి హెచ్చరికతో.

క్లినికల్_ఫార్మా
టెర్లిప్రెసిన్‌కు ఇంజెక్షన్ బదులు ఇన్ఫ్యూజన్ (నిరంతరం సన్నగా ఎక్కించడం) మేలని రాయడం మరిచారు. ఇటలీలో 78 మందిలో (2016) పోల్చారు: దుష్ప్రభావాలు ఇన్ఫ్యూజన్‌తో 35 శాతం, ఇంజెక్షన్లతో 62. కిడ్నీ స్పందన దాదాపు ఒకటే, మందు తక్కువ ఖర్చయింది. 24 గంటలకు 2 మి.గ్రా.తో మొదలుపెట్టి, క్రియాటినిన్ తగినంత తగ్గకపోతే మెల్లగా పెంచడం. మొదలుపెట్టే ముందు ఈసీజీ తీయాలి. ఆక్సిజన్ 90 లోపు ఉంటే మొదలుపెట్టకూడదు. వేళ్లు నల్లబడటం, కడుపులో కొత్త నొప్పి వస్తే ఆపాలి.

డైట్_పద్మ
అంకె పెరగాలనే ఇంటివాళ్లకు చెప్పాల్సిన మాట ఒకటుంది. మెడికల్ షాపులో దొరికే గుడ్డు తెల్లసొన పొడి, డ్రిప్‌లో ఎక్కే ఆల్బుమిన్ ఒకటి కావు. పొడి తిన్నంత మాత్రాన రిపోర్టు మారదు, ఎందుకంటే తయారు చేయాల్సిన లివరే చెడింది. అయినా ప్రోటీన్ తగ్గించకూడదు: కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు. 60 కిలోలకు 72 నుంచి 90. పప్పు, పెరుగు, గుడ్డు, చేప అన్నీ తినొచ్చు. రాత్రి పడుకునే ముందు ఉప్మానో రెండు ఇడ్లీలో తప్పనిసరి. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే ఒళ్లు కండనే కరిగించుకుంటుంది. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అందులోనే అన్నీ. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ ఉన్న ఇంట్లో ఈ 5 గ్రాములు మధ్యాహ్నం భోజనంతోనే అయిపోతాయి.

పీజీ_గుంటూరు
చివరి సందేహం సిస్టర్. 450 ఎంఎల్ అంటే నాలుగున్నర బాటిల్స్. మిగిలిన సగాన్ని ఫ్రిజ్‌లో పెట్టి మూడో రోజుకు వాడుతున్నారు కొందరు. ఖరీదైనది కదా, పారేయడానికి మనసొప్పదు.

వార్డ్_సిస్టర్
వద్దు. అందులో క్రిములను ఆపే మందేమీ ఉండదు. సీలు తీసిన 4 గంటల్లో వాడాలి, లేదా పారేయాలి. 50 ఎంఎల్ బాటిల్స్ కూడా దొరుకుతాయి, నాలుగు పెద్దవి, ఒకటి చిన్నది అని చీటీలో రాయండి. చిన్నది దొరక్కపోతే నాలుగుతోనే ఆపాలా, అయిదోది పూర్తిగా పెట్టాలా అన్నది శ్వాస ఎలా ఉందో చూసి డాక్టరుగారు చెబుతారు.

ఐసీయూ_డెస్క్
నాలుగుతో ఆపండి. 80 గ్రాములకూ 90 గ్రాములకూ మధ్య కిడ్నీకి తేడా చూపిన ట్రయల్ ఏదీ లేదు.